మక్కా నుంచి వచ్చిన రాయి

మా మిబ్లాదెన్ రాళ్ల బజారులో ఒక కట్టుబాటు ఉంది. ఎదుటివాడి రాయి మీద అనుమానం వస్తే నోరు పారేసుకోకూడదు. సుత్తి తీసి, పిడి అతని వైపు తిప్పి, ఒళ్లో పెట్టాలి. ఎవరి రాయిని వాళ్లే పగలగొట్టుకోవాలి, ఇంకొకరు చెయ్యి వేయకూడదు. ఇష్టం లేకపోతే రాయిని మూటగట్టుకుని లేచి వెళ్లిపోవచ్చు, ఎవరూ అడ్డం రారు. కానీ ఫలానావాడు సుత్తి పట్టనన్నాడని సాయంత్రానికల్లా బజారంతా తెలిసిపోతుంది. ఆ తర్వాత వాడి దగ్గర గులకరాయి కూడా ఎవరూ కొనరు.

ముప్పై ఏళ్లలో నేను ఎంతమంది ఒళ్లో సుత్తి పెట్టానో గుర్తు లేదు. నా ఒళ్లో మాత్రం ఎవరూ పెట్టలేదు. నా పేరు తూదా. తూదా చెప్పిందంటే ఇక ఆ రాయికి ఇంకో పేరు లేదని బజారులో అనేవాళ్లు. అది వింటే నాకు కడుపు నిండేది. ఎందుకు దాచాలి, గర్వమే. ఆ గర్వం ఎలా దిగిందో చెప్తాను.

చలి తగ్గిన నెలలో ఎర్ఫూద్ ఊరి నుంచి ఒకడొచ్చాడు. కొత్త జెల్లాబా అంగీ తొడుక్కుని, చేతికి రెండు ఉంగరాలు పెట్టుకుని ఉన్నాడు. గుడ్డ విప్పి ఊదారంగు స్ఫటికాల గుత్తి ఒకటి నా ముందు పెట్టాడు.

"అమెథిస్ట్ పెద్దమ్మా, అసలు సిసలు. ఆ రంగు చూడు, ద్రాక్షపండులా లేదూ!"

"రంగు నేను చూడను నాయనా."

"అదేంటి, కళ్లు కనబడవా?"

"కనబడతాయి. రంగుకే సిగ్గు లేదు, ఎవరింటికి పోతే వాళ్ల చుట్టం."

పక్క దుకాణాల వాళ్లు నవ్వారు. నేను చాకు తీసి రాయి అడుగున గీశాను. తెల్లగా గీత పడింది. అమెథిస్ట్ అంటే పలుగురాయి జాతి, దాని మీద చాకు గీత పడదు. సుత్తి తీసి వాడి ఒళ్లో పెట్టాను. వాడు అటూ ఇటూ చూశాడు, చుట్టూ మనుషులు చేరారు, ఇక తప్పదని ఓ మూల చిన్నగా కొట్టాడు. ముక్క ఏటవాలుగా, కత్తితో కోసినట్టు నున్నటి పలకగా ఊడి వచ్చింది.

"పలుగురాయిని ఎక్కడ కొట్టినా గాజు పెంకులా గుంటలు పడి పగులుతుంది. ఇలా పలక ఊడదు. ఇది ఫ్లోరైట్, చవక రాయి. ఫ్లోరైట్ ధరకిస్తానంటే కూర్చో, టీ తాగుదాం. లేదంటే ఎండ ముదరకముందే బయల్దేరు," అన్నాను. వాడు కూర్చున్నాడు.

రాయి సంగతి రంగులో లేదు, మెరుపులో లేదు. దెబ్బ తగిలినప్పుడు ఏ దారిన విడిపోతుందో అందులో ఉంది. గీత గీసి చూడాలి, గోరు దిగుతుందో చాకు దిగుతుందో చూడాలి, చేతిలో పట్టి బరువు తూచాలి, అప్పటికీ తేలకపోతే పగలగొట్టాలి. ఇదంతా నాకు నేర్పింది మా ఆయన. సీసపు గనిలో పనిచేసి, గని మూతపడ్డాక పాత గోతుల్లో రంగురాళ్లు ఏరుకుంటూ బతికి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. దుకాణం నాకు వదిలిపెట్టాడు.

ఎర్ఫూద్ వాడు కూర్చోగానే నా చిన్నకొడుకు జాయెద్ కింద పడిన పలక ఏరుకుని వెలుతురులో పెట్టి చూశాడు. జాయెద్‌కి ముప్పై మూడేళ్లు. నాలుగు దాకా లెక్కపెడతాడు, ఐదు దగ్గర మళ్లీ ఒకటికి వస్తాడు. మొదటి మాట ఐదో ఏట అన్నాడు. కానీ రాతిముక్కలు ఏరి తట్టల్లో సర్దడంలో వాణ్ని మించినవాడు బజారులో లేడు. పేర్లు నేర్పితే రాలేదు, అందుకని పగులు నేర్పాను. వాడి లెక్కలో రాళ్లు మూడు రకాలు. చదరంగా, పెట్టెల్లా విరిగేవి "డబ్బాలు". పొరలు పొరలుగా ఊడేవి "రేకులు". గాజులా పగిలేవి "పెంకులు". కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి కూడా చెప్పేస్తాడు.

వాడి అన్న హద్దూ మక్నాస్ పట్నానికి లారీ తోలతాడు. అక్కడి పిల్లనే చేసుకున్నాడు. మా కోడలు బుష్రా, మిదెల్త్ ఆసుపత్రిలో నర్సు. మొదట్లో మా భాష రెండు ముక్కలు రాని పిల్ల, ఇప్పుడు నా యాసలోనే నన్ను వెక్కిరిస్తుంది. నాకు కోడలంటే ఇష్టమే. ఆ ముక్క మొహం మీద ఎప్పుడూ చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతుందని భయం. రెండు కడుపులు మధ్యలోనే పోయాయి ఆ పిల్లకి. మూడోసారి నిలిచింది. ఎర్ఫూద్ వాడొచ్చిన వారానికే ఆడపిల్ల పుట్టింది, ఉక్కు ముక్కలా. మా అమ్మమ్మ పేరు ఇత్తో అని పెడదామని బుష్రాయే అంది. ఆ మాటకి నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మా అమ్మమ్మ ఇత్తో నుంచి నాకు రెండు వచ్చాయి. నోటి దురుసు ఒకటి, కాటుక నూరుకునే సుర్మా రాయి ఒకటి.

కోడిగుడ్డంత ఉంటుంది ఆ రాయి. అరిగి అరిగి గుండ్రంగా, మసి నల్లగా ఉండేది. అమ్మమ్మ తండ్రి కాలినడకన హజ్‌కి పోయి, మక్కా బజారులో కొని, నడుముకి కట్టుకుని తెచ్చాడట. ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, పెళ్లినాటి పూసల పెట్టెలో దాచేవాళ్లం. వీధిలో ఏ ఇంట బిడ్డ పుట్టినా ఏడో రోజు పేరు పెట్టేటప్పుడు ఈ రాయి కాటుకే. ఇసకరాతి మీద అరగదీసి, కాల్చిన ఆలివ్ గింజల మసి, రెండు లవంగాలు వేసి నూరి, పట్టుగుడ్డలో జల్లించి, ఇత్తడి భరిణెలో పోస్తాం. కళ్లకి పెడతాం, బొడ్డు మీదా అద్దుతాం. రాయిని అరగదీయడమే తప్ప పగలగొట్టకూడదు. పగిలితే వంశం చిట్లుతుందని అమ్మమ్మ మాట.

బుష్రా పురిటి మూడో రోజున నేను గుమ్మంలో కూర్చుని రాయి అరగదీస్తున్నాను. పొయ్యి మీద బాలింతకి మెంతులేసిన కోడి ఉడుకుతోంది. లోపల మంచం మీంచి బుష్రా పిలిచింది.

"అత్తయ్యా, ఏంటా గీకుడు?"

"తెలీనట్టు అడుగుతావేం? నీ కూతురి కాటుక."

"పాపకి కాటుక వద్దత్తయ్యా."

నేను చెయ్యి ఆపాను. "ఏమన్నావు?"

"వద్దన్నాను. కంటికీ వద్దు, బొడ్డుకీ వద్దు. మా ఆసుపత్రిలో చూస్తూనే ఉన్నాను. ఇక్కడి కాటుకల్లో చాలావాటిలో సీసం ఉంటోంది. అది రక్తంలోకి పోతుంది. పసిపిల్లల మెదడుకి మంచిది కాదు."

"సీసమా!" నవ్వొచ్చింది నాకు, కోపమూ వచ్చింది. "సీసం తవ్వినవాడి పెళ్లాన్నే నేను. సీసం ఏదో సుర్మా ఏదో నువ్వు నాకు చెప్తావా? తాతకి దగ్గులు నేర్పినట్టుంది."

"నేర్పడం కాదత్తయ్యా..."

"ఇది మక్కా నుంచి వచ్చింది. నీ మొగుడికి పెట్టాను. వాడికేమైంది, దుక్కలా లేడూ?"

బుష్రా కళ్లు వాకిట్లోకి పోయాయి. అక్కడ జాయెద్ గొర్రెకి గడ్డి తినిపిస్తూ ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఒకటి అనుకుంటున్నాడు. ఆ చూపు నేను చూశాను. చూసి చూడనట్టు మళ్లీ రాయి అరగదీశాను, ఇంకాస్త గట్టిగా.

ఆ రాత్రి భోజనం దగ్గర హద్దూ నోరు తెరిచాడు. "అమ్మా, అది చదువుకున్నది, ఏదో తెలిసే..."

"నువ్వు నోర్ముయ్. లారీ తోలుకో."

వాడు ఇటు తిరిగితే నేను, అటు తిరిగితే పెళ్లాం. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు పాపం. రొట్టె సగంలో వదిలేసి టైర్లు చూసొస్తానని పోయాడు.

మర్నాటికి సంగతి పక్కింటి ఇజ్జా చెవిన పడింది. మా వీధిలో పురుళ్లన్నీ పోసిన చెయ్యి ఇజ్జాది. నా పెళ్లి నాటి నుంచీ స్నేహం. గోడ మీంచి తల పెట్టి అరిచింది.

"ఏమే తూదా, నీ మనవరాలు బోడికళ్లతోనే పేరు పెట్టించుకుంటుందటగా?"

"ఎవరే చెప్పింది?"

"ఎవరు చెబితే ఏం? మక్నాస్ కోడలొచ్చి మక్కా రాయికి వంక పెట్టిందని నీళ్ల కుళాయి దగ్గర ఒకటే గోల. నువ్వు మెత్తబడ్డావే. మా అత్త బతికుంటేనా, నేను ఆ మాట అన్న రోజే పుట్టింటికి పంపేసేది."

"నేను మెత్తబడటమా? ఏడో రోజు పొద్దున్నే రా, నీ కళ్లారా చూద్దువుగాని," అన్నాను.

ఆరో రోజు వచ్చింది. పొద్దున పది దాటింది. హద్దూ వంటసరుకులకి పోయాడు. నేను వాకిట్లో కూర్చుని భరిణె తోముతున్నాను. బుష్రా మంచం దిగి, గోడ పట్టుకుని మెల్లగా నడిచి వచ్చింది. ఒక చేతిలో పాప. ఇంకో చేతిలో నా దుకాణం సుత్తి. ఎప్పుడు తెప్పించుకుందో, జాయెద్ చేతే తెప్పించుకుని ఉంటుంది. నా ముందుకొచ్చి, పిడి నా వైపు తిప్పి, సుత్తిని నా ఒళ్లో పెట్టింది.

నా చేతిలో భరిణె జారి కింద పడింది.

"నేను వాదించనత్తయ్యా," అంది. "ఆసుపత్రిలో నేను కాయితాలు చూసి చెప్తాను. రాయి చూసి చెప్పడం నాకు రాదు. మీకొచ్చు. ఆ రాయి ఏమిటో మీరే చూసి చెప్పండి. సుర్మా అన్నారనుకోండి, రేపు నేనే పాపని పట్టుకుంటాను, మీ చేత్తో పెట్టండి. ఇంకో మాట అడగను."

"నా ఇంట్లో, నా ఒళ్లో సుత్తి పెడతావా?"

"పెట్టాను. రాయి దగ్గర మీరు అబద్ధం చెప్పరని పెట్టాను."

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. పెట్టె తెరిచి, రాయి తీసుకుని, సుత్తి కొంగులో చుట్టుకుని, తలుపు దడాలున వేసి దుకాణానికి పోయాను. దారంతా దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. పట్నం పొగరు, నర్సు పొగరు, ఆ రెండూ కలిసిన నా కోడలి పొగరు.

ఆ రోజు బజారు లేదు. దుకాణాలన్నీ రేకులు దించి ఉన్నాయి. నేను నా రేకు సగం ఎత్తి లోపల కూర్చున్నాను. ఎర్ఫూద్ వాడి రాయిని చూసినట్టే దీన్నీ చూస్తానని, చూసి సుర్మా అని పోయి దాని మొహాన చెప్తానని అనుకున్నాను.

పింగాణీ టీ గిన్నె అడుగున గరుకు చోట రాయితో గీశాను. గీత నల్లటి బూడిదరంగులో పడింది. సుర్మా గీత అలాగే ఉంటుంది, ప్రాణం లేచి వచ్చింది. కానీ సీసపు రాయి గీతా అలాగే ఉంటుంది. గోటితో గీశాను. పడీ పడనట్టు పడింది. సుర్మా అయితే గోరు సులువుగా దిగాలి. నా గోళ్లు ముసలివైపోయాయని సర్దుకున్నాను.

తర్వాత చేతిలో పట్టుకుని తూచాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. సుర్మా రాయి నాకు కొత్త కాదు. దక్షిణం కొండల నుంచి అప్పుడప్పుడూ వస్తుంది, చీపురుపుల్లల కట్టలా పొడుగు పొడుగు పలకలుగా. అది ఇంచుమించు మా ముగ్గురాయంత బరువుంటుంది. కోడిగుడ్డంత ముగ్గురాయి ఒకటి ఎడంచేతిలోకి తీసుకున్నాను, అమ్మమ్మ రాయి కుడిచేతిలో పెట్టుకున్నాను. కుడిచెయ్యి కిందికి దిగిపోయింది. ఒకటిన్నర ముగ్గురాళ్ల బరువుంది, ఇంకా ఎక్కువే. నా చేతికి ఈ సంగతి కొత్తగా తెలియలేదు. పెళ్లయినప్పటి నుంచీ తెలుసు. ఎన్నిసార్లు ఆ రాయి పట్టుకున్నానో అన్నిసార్లూ బరువనిపించింది. మక్కా బరువు, పెద్దల దీవెన బరువు అనుకున్నాను. వచ్చిపోయేవాడి రాయినల్లా గీసి, గోకి, పగలగొట్టించినదాన్ని, ఇంట్లో పెట్టెలో ఉన్నదాన్ని ఒక్కసారీ అడగలేదు. కాటుకలో తళుకు చూసి మురిసిపోయాను కూడా. ఆ తళుకు ఎక్కడిదని ఎప్పుడూ అనుకోలేదు.

ఇంకా పగల్లేదు కదా, ఏమీ తేలలేదు కదా అని ఒక పక్క మనసు చెబుతూనే ఉంది. గుడ్డలో చుట్టేసి, ఇంటికి పోయి, సుర్మా అని ఒక్క మాట అంటే చాలు. అది నమ్ముతుంది. పాపని తనే పట్టుకుంటుంది. నా పేరు నిలుస్తుంది, అమ్మమ్మ రాయి నిలుస్తుంది. ఆ మాట నోట్లో ఒకసారి అనుకుని కూడా చూశాను.

రేకు కింద నుంచి దూరి జాయెద్ వచ్చాడు. నాకోసం రొట్టె, ఆలివ్ నూనె తెచ్చాడు. నా చేతిలో రాయి చూశాడు. చూడగానే రొట్టె పక్కన పెట్టి, నా ఎదుట చతికిలబడి, కళ్లు మూసుకుని మొహం పైకెత్తాడు.

"కాటుక," అన్నాడు.

వాడి అలవాటు అది. పుట్టినప్పుడు పసుపుకామెర్లతో పుట్టాడు, పిట్టంత ఉండేవాడు. బతకడన్నారు. హద్దూకి రోజుకొకసారి పెడితే వీడికి మూడుపూటలా పెట్టాను. కళ్లకి, బొడ్డుకి, అరికాళ్లకి. అమ్మమ్మ రాయి కాపాడుతుందని. బతికాడు. ఆ రాయే బతికించిందని వీధంతా చెప్పుకున్నాం. ఆ తర్వాత కూడా ఆపలేదు. ప్రతి శుక్రవారం, ప్రతి పండక్కీ నా ఎదుట ఇలాగే మొహం ఎత్తి కూర్చుంటాడు, పెడతాను. మొన్న శుక్రవారం పెట్టిన నలుపు రెప్పల కింద ఇంకా ఉంది.

"తర్వాత పెడతాను నాన్నా. కళ్లు తెరువు," అన్నాను.

రాయిని దిమ్మ మీద పెట్టి సుత్తి ఎత్తాను. దెబ్బ పక్కకి పోయింది. రెండోసారి తగిలింది కానీ గట్టిగా కాదు. మూడోసారి బిస్మిల్లా అని కొట్టాను.

మెట్లు మెట్లుగా విడిపోయింది. పైన మసి నలుపు, లోపల కొత్త రేకుడబ్బాలా తెల్లటి మెరుపు. ఎటు చూసినా మూలలు నిక్కచ్చిగా ఉన్నాయి. ఒక్క పొడుగు పలక లేదు, ఒక్క పుల్ల లేదు. ముక్కని మళ్లీ కొట్టాను. అది మరీ చిన్న పెట్టెలుగా విరిగింది. ఇంకా చిన్నది కొట్టాను, అదీ అంతే.

జాయెద్ మొహం వెలిగిపోయింది. "డబ్బాలు! అమ్మా, డబ్బాలు!"

వాడు ముక్కలన్నీ ఏరి, నన్ను అడక్కుండానే లేచి, తట్టల వరసలో మూడోదాంట్లో పోశాడు. అది సీసపు రాయి తట్ట. మా ఆయన చనిపోయే ముందు ఏడాది మా వెనక గోతిలోంచి తెచ్చిన ముక్కలు అందులో ఉన్నాయి. పోశాక ఏవి అమ్మమ్మవో ఏవి మా ఆయనవో నాకే తెలియలేదు. ఒక ముక్క మధ్యలో గులాబీ తెలుపు రేకులు ఇరుక్కుని ఉన్నాయి. గోటితో పీకి చూశాను. ముగ్గురాయి. మా కొండలో సీసం ఎక్కడ తవ్వినా పక్కనే అంటుకుని వచ్చే రేకులివి. తట్టలో ఉన్న మా ఆయన ముక్కల్లోనూ అవే రేకులు.

అమ్మమ్మ తండ్రి మక్కా దాకా నడిచే ఉంటాడు, ఆ పుణ్యం ఆయనది. రాయి మాత్రం మా కొండ దాటలేదు. దారిలో పోగొట్టుకుని, ఖాళీ చేతులతో రాలేక ఇంటి వెనక ఒకటి ఏరుకున్నాడో, ఇంకెవరు ఎవరికి అబద్ధం చెప్పారో నాకు తెలియదు.

"మనవే," అన్నాడు జాయెద్ తట్ట చూపించి. "అన్నీ మనవే."

"అవును నాన్నా, మనవే," అన్నాను. రొట్టె వాడికే పెట్టాను.

ఇంటికి పోయేసరికి బుష్రా పాపకి పాలిస్తోంది. నేను గుమ్మం దగ్గరే కూర్చున్నాను. సుత్తి నేల మీద పెట్టాను.

"సీసం," అన్నాను.

అది గెలిచానన్న మొహం పెడుతుందేమోనని చూశాను, పెట్టలేదు. పెడితే బాగుండేది, పోట్లాడేదాన్ని.

"బుష్రా, ఒకటి అడుగుతాను. నర్సుగా చెప్పు, కోడలిగా కాదు. జాయెద్ ఇలా ఉండటం దానివల్లేనా?"

"అలా ఎవరూ చెప్పలేరత్తయ్యా. పుట్టడమే కామెర్లతో పుట్టాడు. అదీ కావచ్చు. ముప్పై ఏళ్ల కిందటిది ఇప్పుడు తెలీదు."

"కాదని చెప్పగలవా?"

పాపని భుజాన వేసుకుని వీపు తట్టింది. "చెప్పలేను," అంది.

నేను ఏడ్చాను. దాని ముందు ఎప్పుడూ ఏడవలేదు, ఆ రోజు ఏడ్చాను. అది వచ్చి పక్కన కూర్చుంది, పాపని నా ఒళ్లో పెట్టింది.

ఏడో రోజు గొర్రెని కోశారు. హద్దూ పేరు చదివించాడు. పేరు మారుద్దామా అని నేనే అడిగాను, బుష్రా ఒప్పుకోలేదు. "పేరు ఏం చేసింది పాపం," అంది. ఇత్తో అనే పెట్టారు. ఆడవాళ్లంతా లోపలి గదిలో చేరారు. పాప చేతులకి గోరింటాకు అయింది. ఇజ్జా మధ్యలో కూర్చుని, నన్ను చూసి కన్ను కొట్టి, అందరికీ వినబడేలా అంది.

"ఇక కాటుక తేవే తూదా! ఎదురుచూస్తున్నాం!"

నేను దుకాణం నుంచి తెప్పించిన తట్ట తెచ్చి వాళ్ల మధ్య పెట్టాను. ముక్కలు మెరుస్తున్నాయి.

"అమ్మమ్మ రాయి ఇదే. నిన్న నా చేత్తో పగలగొట్టాను. ఇది సుర్మా కాదు. మన కొండ సీసం. ముప్పై ఏళ్లకి పైగా మీ పిల్లలకి, మీ మనవలకి నేను సీసం పెట్టాను. తెలిసి పెట్టలేదు, కానీ తెలుసుకోవాల్సినదాన్ని నేనే. మీ ఇళ్లలో భరిణెలుంటే పారబొయ్యండి. చిన్నపిల్లలుంటే బుష్రాతో ఆసుపత్రికి పంపండి, రక్తం చూస్తారు."

ఒక చిన్న కోడలు ఒళ్లో పిల్లాడి కళ్లని కొంగుతో గబగబా తుడిచేస్తోంది. ఇజ్జాకి ముందు నవ్వొచ్చింది.

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందట! బజారంతటికీ రాళ్లు చెప్పేదానివి..." అని, అక్కడ ఆగిపోయింది. నవ్వు పోయింది. చిన్నగా అంది, "నా కొడుకు ఇమ్రాన్‌గాడు రెండో తరగతి మూడేళ్లు చదివాడే తూదా."

"తెలుసే."

"మొద్దని కొట్టాన్రా దేవుడా వాణ్ని."

ఇజ్జా లేచింది. మాంసం తినలేదు, టీ తాగలేదు. చెప్పులు వేసుకుంటూ నా వైపు చూడలేదు. నలభై ఏళ్లలో ఇజ్జా మా ఇంట్లో తినకుండా పోవడం అదే మొదటిసారి. మిగిలినవాళ్లు కాసేపు కూర్చున్నారు, ఏదో తిన్నారు, ఒక్కొక్కరే పాప నుదురు ముద్దు పెట్టుకుని వెళ్లిపోయారు. బజారుకి ఆ కబురు నాకంటే ముందే చేరుతుందని నాకు తెలుసు. చేరనీ.

గిన్నెలు కడిగేశాను. అరగదీసిన పొడి, ఇత్తడి భరిణె మూటగట్టి, కాటుక పుల్ల విరిచి, ఊరి బయట పాత గోతిలో పడేసి రమ్మని హద్దూకిచ్చాను. కొత్త చొక్కా వేసుకుని జాయెద్ వచ్చాడు. పండగ రోజు కదా. నా ఎదుట చతికిలబడ్డాడు. కళ్లు మూసుకుని మొహం పైకెత్తాడు.

"కాటుక," అన్నాడు.

నేను తెల్లగుడ్డ ఒకటి తీసుకుని గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండాను. గడ్డం పట్టుకుని కుడికన్ను రెప్ప కింద తుడిచాను. గుడ్డకి నల్లగా వచ్చింది. వాడు కదలకుండా కూర్చున్నాడు, కాటుక పెడుతున్నాననే అనుకున్నాడు. గుడ్డ ఉతికి మళ్లీ తుడిచాను. మళ్లీ నల్లగా వచ్చింది. ఎడమకన్ను తుడిచాను.

"అయిందా అమ్మా?" అన్నాడు.

"ఇంకా ఉంది నాన్నా," అని మళ్లీ గుడ్డ ముంచాను.